కట్టెల బాయిలర్‌కి నీళ్ల ట్యాంకు తప్పదా?

పాతింటివాడు: మాది పాత ఇల్లు, వేడినీళ్లతో గదులు వెచ్చబెట్టే రేడియేటర్లు ఉన్నాయి. 30 కిలోవాట్ల కట్టెల బాయిలర్ పెట్టి వాటికి వేడినీళ్లు పంపాలని ఆలోచన. వేడినీళ్ల నిల్వ ట్యాంకుకి చోటు లేదు. లేకుండా కుదురుతుందా?

లెక్కలమాస్టారు: కుదరదండీ. మంట తగ్గించడానికి ఇది గ్యాస్ పొయ్యి కాదు. ఇల్లు వెచ్చబడ్డాక గాలి మూసేస్తే కట్టె సరిగా మండదు, పొగచూరుతుంది. ఆ పొగలోని తారంతా చిమ్నీలో పేరుకుంటుంది. ట్యాంకుంటే నిండు మంట పెట్టి వేడిని నీళ్లలో దాచుకోవచ్చు. 1000 లీటర్లు 80 డిగ్రీల నుంచి 40కి దిగితే దాదాపు 46 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి. ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్లు, నష్టాలు పోగా 15 కిలోల కట్టె వేడి అందులో పడుతుంది. కిలోవాట్‌కి 50 లీటర్ల చొప్పున మీకు 1500 లీటర్లు కావాలి.

నిప్పుకణిక: పదేళ్లుగా ట్యాంకు లేకుండానే నడుపుతున్నా. చిన్న బాయిలర్, చిన్న మంట.

లెక్కలమాస్టారు: ఏడాదికి ఎన్నిసార్లు చిమ్నీ గీకిస్తారు?

నిప్పుకణిక: అది మీకెందుకు?

దారినపోయేవాడు: రేడియేటర్ల నుంచి బాయిలర్‌కి తిరిగొచ్చే నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం? 55 డిగ్రీల కన్నా చల్లగా వస్తే బాయిలర్ లోపల చెమ్మపట్టి తుప్పే. వాటిలో వేడినీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ మరవకండి.

నిప్పుకణిక: మాస్టారూ, పాత రేడియేటర్లకి 40 డిగ్రీల నీళ్లు ఏమూలకి? 60 దగ్గరే చలి మొదలు. మీ 46లో సగం కాగితం మీదే.

లెక్కలమాస్టారు: మీలాంటివాళ్ల మాట వినే ట్యాంకు మానేశాను. ఒక రాత్రి కరెంటు పోయి పంపు ఆగింది. పొయ్యి నిండా కట్టెలు. నీళ్లు మరిగి సేఫ్టీ వాల్వ్ నుంచి ఆవిరి చిమ్మింది. ఇంట్లో అమ్మ ఒక్కతే.

నిప్పుకణిక: అయ్యో. కానీ అది ట్యాంకు లేక కాదండీ. పంపుతో పని లేకుండా వేడినీళ్లు వాటంతటవే ఎక్కే లైను ఒకటి పైనున్న రేడియేటర్‌కి వేయాలి. మీ ఫిట్టర్ వేయలేదు.

లెక్కలమాస్టారు: తర్వాత వేయించాను. నాది నైట్ డ్యూటీ. రాత్రి రెండింటికి లేచి కట్టె వేసేది అమ్మ. ట్యాంకుంటే సాయంత్రం ఒక్కసారి రాజేస్తే సరిపోయేది. చిమ్నీ సంగతి దేవుడెరుగు.

నిప్పుకణిక: ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా. మా ఇంట్లో వేసేది నేనే, ఎటూ నిద్ర పట్టదు.

పాతింటివాడు: వారంలో మూడు రోజులు నేను ఊళ్లో ఉండను. మా ఆవిడని ఇంకా అడగనేలేదు.