చనిపోయాక నాయకుడి మీద అభిప్రాయం మారితే, ఆ మార్పును ఎలా అర్థం చేసుకోవాలి?

వివాదాస్పద నాయకులు పోయాక జనం వాళ్లను చూసే తీరు ఎలా మారుతుందన్న దాని మీద ఒక వ్యాసం రాస్తూ మధ్యలో ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

ఇంగ్లండ్‌లో రాజరికాన్ని కూలదోసి, ఆ దేశాన్ని ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్‌నే తీసుకోండి. 1658లో చనిపోతే ఘనంగా లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిలో సమాధి చేశారు. రాజరికం తిరిగొచ్చాక, 1661లో ఆ శవాన్ని తవ్వి తీసి ఉరికంబానికి వేలాడదీశారు. తల నరికి, కర్రకు గుచ్చి వెస్ట్‌మినిస్టర్ హాలు మీద పెట్టారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది. (చచ్చినవాణ్ణి మళ్లీ చంపడమంటే ఇదే కాబోలు!) తీరా 1899లో అదే పార్లమెంటు బయట ఆయనకు విగ్రహం. ఐర్లండ్‌లో మాత్రం 1649లో ద్రోహెడా పట్టణంలో ఆయన సైన్యం చేసిన ఊచకోతను ఇప్పటికీ మరిచిపోలేదు.

స్టాలిన్‌దీ ఇంచుమించు ఇదే వరస. 1953లో లెనిన్ పక్కన పెట్టిన శవాన్ని 1961లో అక్కణ్ణుంచి తీసేశారు.

క్రామ్‌వెల్ చేసిన పనులైతే మారలేదు కదా. మరి అభిప్రాయం మారింది కొత్త ఆధారాలు దొరికినందుకా, లేక అప్పటి రాజకీయానికి ఒక హీరోనో విలనో కావలసి వచ్చినందుకా? ఈ రెండింటినీ విడదీసి చూడటం ఎలా? నాకు రెండోదే ఎక్కువనిపిస్తోంది, తొందరపడుతున్నానేమో. బాధితుల వైపు రాతలు ముందు చదవాలా, తర్వాతా? ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి.