మిద్దె మీది చింత మొక్కను బోన్సాయ్ ట్రేలోకి ఎప్పుడు మార్చాలి?

మిద్దెతోట (తిరుపతి):
మేము కపిలతీర్థం వైపు ఉంటున్నాము. మా మిద్దె మీద గింజ నుంచి పెంచిన చింత మొక్క ఒకటి, పిట్టగోడ పగులులో మొలిస్తే తీసి కుండీలో నాటిన జువ్వి మొక్క ఒకటి ఉన్నాయి. రెండింటినీ బోన్సాయ్‌గా తయారు చేయాలని నా కోరిక. చింత నడుము ఎత్తుకు పెరిగింది గాని, కాండం చిటికెన వేలంత లావు కూడా లేదు. దీన్ని ఇప్పుడే లోతు తక్కువ ట్రేలోకి మార్చి కత్తిరిస్తూ పోతే కాండం క్రమంగా లావెక్కుతుందా, లేక మరికొంత కాలం ఆగాలా? నేను చూసిన వీడియోలలో జపాన్ వారో, పుణె వారో, బెంగళూరు వారో చెబుతున్న నెలలు మన ఎండలకు సరిపోతాయన్న నమ్మకం కుదరడం లేదు. మాకు వచ్చేవి బోరు నీళ్ళు; బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. మరొక ఇబ్బంది కూడా ఉంది. రావి, జువ్వి వంటి చెట్లను ఇంట్లో పెంచకూడదని మా అత్తగారు గట్టిగా అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఎర్రమట్టి (చిత్తూరు):
తప్పకుండా ఆగండి. ట్రేలో పెట్టిన చెట్టుకు కాండం లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. కాండం బలవాలంటే పైన ఆకు దట్టంగా ఉండాలి, కింద వేళ్ళు పరచుకోవడానికి చోటుండాలి. ట్రేలో ఈ రెండింటికీ కట్టడి పడుతుంది. అప్పటికే తయారైన చెట్టును అదే పరిమాణంలో నిలిపి ఉంచడానికి పనికొచ్చేది ట్రే. సన్నటి మొక్కను తెచ్చి నేరుగా ట్రేలో నాటి, లోహపు తీగ చుట్టి, బోన్సాయ్ అని అమ్మేవారు చాలామంది ఉన్నారు గాని, అలాంటి మొక్క పదేళ్ళు గడిచినా ట్రేలో నాటిన మొలకలాగే కనిపిస్తుంది.

నేల ఉంటే నేలలో నాటడం అన్నిటికన్నా మేలు. మిద్దె మీదనే పెంచాలంటే మాత్రం మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలే ప్లాస్టిక్ క్రేటు ఒకటి సంపాదించండి. లోపల పాత దోమతెర పరిచి మట్టి నింపితే, పక్కలనున్న రంధ్రాల దాకా వచ్చిన వేరు కొస గాలి తగిలి ఎండిపోతుంది, దాని వెనుక నుంచి సన్నని పిల్లవేళ్ళు గుంపుగా పుడతాయి. మామూలు కుండీలో అయితే వేరు గోడ వెంబడి గుండ్రంగా చుట్టుకుంటూ పోతుంది. రేపు ట్రేలో బతకవలసిన చెట్టుకు కావలసింది ఆ పిల్లవేళ్ళే.

చింతకు తల్లివేరు లోతుగా దిగుతుంది. క్రేటులోకి మార్చేటప్పుడు దాన్ని పొట్టిగా కత్తిరించి, మొదలు కింద చిన్న నాపరాయి ముక్క పెట్టి నాటితే వేళ్ళు పక్కలకు పాకుతాయి. చెట్టు మొదలు దగ్గర పెద్ద మాను లక్షణం కనిపించేది అలా పక్కలకు పాకిన వేళ్ళలోనే. ఆ తరువాత రెండు మూడేళ్ళు దాన్ని స్వేచ్ఛగా పెరగనివ్వండి. ముఖ్యంగా కింది కొమ్మలను, అవి చివరి రూపంలో అక్కరలేనివే అయినా, తొందరపడి తీసివేయకండి, ఎందుకంటే మొదలును లావు చేసేది ఆ కొమ్మల ఆకే. కాండం మీరు కోరిన లావుకు దగ్గరపడిన తరువాత పైభాగాన్ని తెగ్గోసి, పక్క నుంచి వచ్చిన చిగురును కొత్త తలగా నిలపండి. అదీ కొంత బలిశాక మళ్ళీ తెగ్గోయండి. కింద లావు, పైకి పోయేకొద్దీ సన్నం అన్న రూపం ఇలాగే వస్తుంది.

మట్టి సంగతి. మన ఎర్రమట్టిని ఒక్కదాన్నే లోతు తక్కువ కుండీలో నింపితే గట్టిపడి నీరు దిగదు. ఇటుక ముక్కలను దంచి, జల్లించి, సుమారు 3 నుంచి 6 మిల్లీమీటర్ల పలుకులను మాత్రమే ఉంచుకుని, అందులో ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పాళ్ళు కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు గాని, దుమ్ము మాత్రం పూర్తిగా పోవాలి. జపాన్ వారు వాడే అకడమ మట్టిని డబ్బు పోసి తెప్పించుకోనక్కరలేదు.

ఈ మార్పిడి రెండింటికీ ఫిబ్రవరిలోనే ముగిస్తే మంచిది.

గువ్వలగూడు (పలమనేరు):
పైవారు చెప్పినదంతా సరైనదే గాని, చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. చింతకు ఫిబ్రవరి చివరి రోజులు, మార్చి మొదటి రోజులు తగినవే, ఎందుకంటే అది కొత్త చిగురు వేయబోయే కాలం. మర్రి, రావి, జువ్వి వంటివి మాత్రం వేడి, తేమ కలిసి ఉన్నప్పుడు తెగిన వేళ్ళను తొందరగా పూడ్చుకుంటాయి. ఫిబ్రవరిలో వేళ్ళు కోస్తే, అవి సర్దుకునేలోపే తిరుపతి ఎండలు వచ్చిపడతాయి. జువ్విని జూలై, ఆగస్టు నెలల్లో మార్చండి.

వానలు మొదలవగానే మార్చమని పుస్తకాలలో కనిపించే సలహాను ఇక్కడ కొంచెం ఆలోచించి పాటించాలి. పుణెలో జూన్ నాటికే వాతావరణం చల్లబడుతుంది. మనకు మాత్రం జూన్‌లో ఇంకా వేడి తగ్గదు, గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయి. ఆ ముసురు రోజుల్లో వేళ్ళు కోసి నాటితే కుండీ ఆరదు, కోసిన చోట కుళ్ళు పడుతుంది. మా పలమనేరు ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఎండ కొంత తక్కువ. కాబట్టి నేను చెప్పే నెలలను కూడా మీ మిద్దె వేడిని బట్టి సవరించుకోండి.

ట్రే అవసరమైనప్పుడు మా ప్రాంతంలో మట్టి బొమ్మలు, పాత్రలు చేసేవారిని కొలతలిచ్చి అడగవచ్చు. అడుగున రెండు పెద్ద రంధ్రాలు, తీగ దూర్చి చెట్టును కట్టడానికి మరి రెండు చిన్న రంధ్రాలు పెట్టమని ముందే చెప్పండి, కాల్చిన తరువాత రంధ్రం చేయబోతే పగిలిపోతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. కపిలతీర్థం దగ్గర ఉన్నారు కాబట్టి కొండ వాలులో ముచ్చటైన మొక్కలు కంటపడవచ్చు. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన అడవి. అక్కడి నుంచి మొక్క పెకలించడం నేరం. మీ జువ్వి దొరికినట్టుగానే పాత గోడలు, కూల్చబోయే ఇళ్ళు వెతికితే చాలు. ఇరుకు పగుళ్ళలో ఏళ్ళ తరబడి బతికిన ఆ మొక్కల మొదళ్ళు ఎంతో అందంగా వంకర్లు తిరిగి ఉంటాయి.

మిద్దెతోట (తిరుపతి):
ఇద్దరికీ ధన్యవాదాలు. చింతను ఫిబ్రవరి చివర, జువ్విని జూలైలో మారుస్తాను. నీళ్ళ గురించి, మా అత్తగారి అభ్యంతరం గురించి కూడా ఎవరైనా చెబుతారా?

పొద్దుటి నీళ్ళు (తిరుపతి):
మాదీ బోరు నీరే. కొంచెం కొంచెంగా పోస్తే ఉప్పు కుండీలోనే పేరుకుంటుంది. అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేంతవరకు పోయండి. అక్టోబరు వానల్లో మొక్కలను చూరు కింద దాచకుండా తడవనిస్తే పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే, అది చాలాసార్లు ఆ నీటి వల్ల ఇనుము అందని లక్షణం.

వేసవిలో కుండీలను మిద్దె మీద నేరుగా పెట్టకండి. ఇటుకల మీదో బల్ల మీదో ఎత్తి పెట్టి, పైన యాభై శాతం షేడ్ నెట్ కట్టండి. రోజుకు రెండు పూటలా పోయాలన్న లెక్కకన్నా చీపురుపుల్లను మట్టిలో గుచ్చి తీసి తడి చూడటం నమ్మదగినది. చింత ఆకు సాయంత్రం ముడుచుకోవడం దాని స్వభావం, దాహం కాదు. మధ్యాహ్నమే ముడిచి కొసలు వేలాడేస్తే మాత్రం వెంటనే నీడకు చేర్చండి.

మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. జువ్వి వేరు గోడలో దిగితే ఏం చేస్తుందో మీ పిట్టగోడను చూపిస్తేనే తెలుస్తుంది. బోన్సాయ్ ఎలాగూ ఆరుబయట ఎండలో బతకవలసిన చెట్టు, గదిలో పెడితే నీరసించిపోతుంది. కాబట్టి అది ఇంట్లో ఉండదని, నెలకొకసారి రంధ్రాల నుంచి బయటికొచ్చిన వేళ్ళను కత్తిరిస్తారని ఆవిడకు చెప్పండి. కత్తిరించినప్పుడు పాలు కారుతాయి. నీళ్ళు చిలకరిస్తే ఆగుతాయి, చేతికి అంటితే జిగట వదలదు కాబట్టి కత్తెరను వెంటనే తుడిచి పెట్టుకోండి.