కలంకారీ గీత చెదరకుండా ఫోటో సైజు తగ్గేదెలా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా పిన్నికి కలంకారీ చీరల షాపు ఉంది. సరుకంతా శ్రీకాళహస్తి నుంచే, చేత్తో కలం పట్టి గీసినవి. వెబ్‌సైట్ నేనే చేసిపెట్టాను, అదీ వీడియోలు చూసి నేర్చుకుని.

ఫోటోలు మా తమ్ముడి కెమెరాతో తీశాం. ఒక్కోటి 6000 పిక్సెళ్ల వెడల్పు, 8 ఎంబీ. మొదటి పేజీలోనే 24 పెట్టేశాను (నవ్వకండి). మొన్న చిత్తూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "ఏందమ్మా, గుండ్రంగా తిరగతానే ఉంది, చీర మాత్రం కనపడలే" అంది. పిన్ని నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

సరే అని జేపెగ్ క్వాలిటీ 50కి దించాను. సైజు బాగానే తగ్గింది. కానీ నెమలి ఈకల్లో వెంట్రుకంత సన్నటి నల్లగీతల చుట్టూ దుమ్ములాంటి చుక్కలు, అంచు దగ్గర ఎరుపు పక్కకి కారినట్టు మసక. కలంకారీ అంటే ఆ గీతే కదండీ! ఇప్పుడేమో "ఇది ప్రింటా?" అని అడుగుతున్నారు.

ముందు వెడల్పు 1200కి తగ్గించి, తర్వాత క్వాలిటీ 80 దగ్గర ఆపితే సరిపోతుందా? మామూలు వెబ్‌పీ ఫార్మాట్ (కొంత వివరం వదిలేసి సైజు తగ్గించేది) రంగుల వివరాన్ని ఎప్పుడూ 4:2:0కి, అంటే పావు వంతుకి, కుదించేస్తుంది కదా, ఈ ఎరుపు కోసం జేపెగ్‌లోనే 4:4:4 (రంగుల వివరం తగ్గించకుండా ఉంచేది) పెట్టుకోవడం నయమా, లేక ఏవిఫ్ అనే ఇంకో ఫోటో ఫార్మాట్‌కి మారాలా? జూమ్ చేసేవాళ్లకి మాత్రం పెద్ద ఫోటో విడిగా ఇవ్వాలనుంది. బట్టల ఫోటోలతో కుస్తీ పట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరు వాడే సెట్టింగులు చెప్పండి ప్లీజ్.