ఈ వారం సమస్య: నుదుట నిలిచె నమ్మ ____ చేయి

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ప్రతి వారం పాదం మొత్తం ఇచ్చి పద్యం అల్లమంటాను కదా, ఈసారి తిరగేశాను. ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యం నేనే రాసి, నాలుగో పాదంలో ఒక్క మాట ఖాళీ ఉంచాను. అమ్మ చేయి ఎలాంటి చేయో చెప్పే మాట అది.

జ్వరము వచ్చి రేయి చలిపుట్టి వణకంగ
పక్క మీద నేను పలవరింప
వంటయింటినుండి వడివడిగా వచ్చి
నుదుట నిలిచె నమ్మ ____ చేయి

కొత్తవాళ్ళ కోసం కొంచెం లెక్క. లఘువంటే తేలిగ్గా పలికే అక్షరం, గురువంటే బరువుగా పలికేది. ఆటవెలది నాలుగో పాదంలో అయిదూ సూర్యగణాలే, అంటే మూడు లఘువులో, ఒక గురువూ ఒక లఘువో ఉండే అక్షరాల గుంపులు. నుదుట, నిలిచె అన్నవి మూడేసి లఘువులు. నమ్మ, చేయి అన్నవి గురువు, లఘువు. మధ్య ఖాళీలో కూడా అలాంటి గణమే పడాలి. అది నాలుగో గణం కాబట్టి యతి స్థానం కూడా, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన చోటు. 'ను'తో మైత్రి కుదరాలి, అంటే ను, నూ, నొ, నో. మొదటి రెండు పాదాలూ, సమస్యా పాదమూ ముట్టుకోకూడదు. మూడో పాదం కావాలంటే మార్చుకోండి.

ఒక్క మాటే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

విజయవాడ మిత్రులు:

నుదుట నిలిచె నమ్మ నునుపు చేయి

గణం సరి, యతి సరి. 'నున్న' కూడా పడుతుంది గానీ మా ఊళ్ళో నున్న అంటే మామిడికాయల మార్కెట్టే గుర్తొస్తుంది, అందుకే వదిలేశాను.

నిర్వాహకుడు:

ఛందస్సులో వంక లేదు. వంకంతా అమ్మ దగ్గరే. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అమ్మ చేయి నునుపుగా ఎలా ఉంటుందండీ? అంట్లు తోమి, రోలు రుబ్బి, మసిగుడ్డతో గిన్నెలు దించిన చేయి అది. యతి 'ను' అడిగింది, మీరు 'నునుపు' ఇచ్చి పంపేశారు. పద్యంలో ఇలా యతి కోసం వచ్చి కూర్చున్న మాట చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళనివాడి లాంటిది. అందరికీ తెలుస్తుంటుంది, ఎవరూ పైకి అనరు. నేను అనేశాను, ఏమీ అనుకోకండి.

ఇంకో మాట. 'చల్లని చేయి' అని సగం మంది పంపారు. చల్లని అంటే గురువు, రెండు లఘువులు, అది సూర్యగణం కన్నా పెద్దదైన ఇంద్రగణం, ఇక్కడ పట్టదు. ఒకరు కుదించి 'చల్ల చేయి' అన్నారు. గణం కుదిరింది, యతి పోయింది, పైగా మా గోదావరి వైపు చల్ల అంటే మజ్జిగ. వంటింట్లోంచి వచ్చింది కాబట్టి అదీ నిజమే కావచ్చనుకోండి!

'కరుణ', 'ప్రేమ' పంపినవాళ్ళకు విడివిడిగా జవాబు రాయడం లేదు. యతి సంగతి అలా ఉంచి, అమ్మ అన్నాక ఆ రెండూ వచ్చేసినట్టే. అమ్మ అన్న మాట చెప్పనిదేదో విశేషణం చెప్పాలి.

నెల్లూరు నుంచి:

అయ్యా, నాకు మొదట తట్టిన మాట 'తడి'. మా అమ్మ బియ్యం కడుగుతూ కడుగుతూ లేచొచ్చి నుదురు పట్టుకునేది. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు బియ్యపు గింజలు అంటుకునుండేవి, అవి నా కనుబొమ్మ మీద రాలేవి. కానీ 'తడి' రెండే లఘువులు. ఏం చేయాలో తోచక 'నీటి చేయి' అని పంపుతున్నాను.

నిర్వాహకుడు:

నీటి అన్నచోట హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు. 'ను'కి ఉ, ఊ, ఒ, ఓ స్నేహం. ఇ, ఈ, ఎ, ఏ వేరే జట్టు. కాబట్టి నీటి చెల్లదు.

'తడి' గురించి మాత్రం నాకూ బాధగానే ఉంది. మాట దొరికింది, దానికి పద్యంలో చోటు దొరకలేదు. ఒక లఘువు తక్కువై పాదం కుంటుతుంది. కనుబొమ్మ మీద బియ్యపుగింజ రాలడం ఉంది చూశారూ, దాన్ని పట్టుకుని వేరే పద్యం రాయండి. ఈ సమస్యకి లొంగదు అది.

కాకినాడ అక్కయ్య:

నుదుట నిలిచె నమ్మ నూనె చేయి

మూడో పాదం మీరిచ్చిందే. అమ్మ రాత్రి భోజనాలకి అప్పడాలు వేయిస్తోంది.

విజయవాడ మిత్రులు:

అక్కయ్యగారూ, నన్ను నునుపు అన్నందుకు తిట్టారు కదా, ఇప్పుడు నా వంతు. ఏ అమ్మయినా నూనె చేత్తో నుదురు ముట్టుకుంటుందా? చెంగుకి తుడుచుకుని కదా వస్తుంది!

కాకినాడ అక్కయ్య:

తుడుచుకోలేదు బాబూ. తుడుచుకునే టైమ్ లేదు. పైన 'వడివడిగా' అని ఉంది, చూడలేదా? పిల్లాడు పలవరిస్తుంటే బాణలి కింద మంట కూడా ఆర్పి ఉండదు. ఆ అప్పడం మాడే ఉంటుంది.

నిర్వాహకుడు:

ఇందాకటి నుంచీ నేను చెప్పాలనుకుంటున్నది అక్కయ్యగారు వాదించి చూపించారు. 'నూనె' అన్న మాట చేతిని వర్ణించి ఊరుకోవడం లేదు, మూడో పాదంలోని 'వడివడిగా'కి సాక్ష్యం చెబుతోంది. చేయి తుడుచుకోనంత కంగారు ఆ రెండక్షరాల్లో ఉంది. ఇలా ఒక ఉద్దేశం పెట్టుకుని వచ్చే విశేషణాన్నే అలంకారశాస్త్రం పరికరాలంకారం అంటుంది. పేరు గుర్తుండకపోయినా పరవాలేదు, మాడిన అప్పడం గుర్తుంటే చాలు.

ఇప్పటికి ఇదే ముందుంది.

గుంటూరు లెక్కల మాస్టారు:

నిర్వాహకులు ఒక తలుపు మూసేసి చెప్పారు. ఆటవెలదిలో ప్రాసయతి, అంటే మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరాలు కలపడం, చెల్లుతుంది కదా! నుదుటలో రెండో అక్షరం ద. కాబట్టి రెండో అక్షరంగా దకారం ఉండి, మొదటి అక్షరం లఘువైన మాట ఏదైనా పడుతుంది. ముదురు, కుదురు, పొదుపు, బెదురు. నా పూరణ:

నుదుట నిలిచె నమ్మ ముదురు చేయి

నిర్వాహకుడు:

మాస్టారూ, పట్టేశారు. ప్రాసయతి సంగతి కావాలనే చెప్పలేదు, ఎవరు కనిపెడతారో చూద్దామని. వృత్తాల్లో, కందంలో దీనికి చోటు లేదు, తేటగీతికీ ఆటవెలదికీ సీసానికీ ఉంది.

అయితే మీ నాలుగు మాటల్లో మీరు ఎంచుకున్నదే నాకు ఇబ్బంది. 'ముదురు' అంటే గట్టిపడిన చేయి అని మీ ఉద్దేశం, తెలుస్తోంది. కానీ ఇవాళ 'వాడు మహా ముదురు' అంటే ఏమిటో మీకూ తెలుసు. బెండకాయకైతే ఒక అర్థం, మనిషికైతే ఇంకో అర్థం. అమ్మ చేయి అనగానే పాఠకుడు ఒక్క క్షణం నవ్వుతాడు. ఆ క్షణం చాలు, జ్వరం దిగిపోతుంది!

'పొదుపు చేయి' తీసుకుందాం. నిజమే, ఎందరో అమ్మలది పొదుపు చేయే. కానీ అది కిరాణా కొట్లో గుర్తు రావాల్సిన మాట. నుదుటి మీద చేయి పెట్టినప్పుడు దానికి పనేముంది?

'కుదురు' మాత్రం నన్ను ఆపింది. మొదటి పాదంలో పిల్లాడు వణుకుతున్నాడు, చివరి పాదంలో చేయి కుదురుగా ఉంది. 'నిలిచె' అన్న క్రియకీ కలిసొస్తుంది. మాస్టారూ, మీ జేబులోనే మంచి నాణెం ఉంచుకుని చెల్లనిది ఇచ్చారు.

గుంటూరు లెక్కల మాస్టారు:

సరే, మార్చుకుంటున్నాను. కుదురు చేయి. మా పిల్లలకి నేను ఇలాగే మార్కులు తగ్గించేవాణ్ణి.

డాలస్ నుంచి:

నేను మూడో పాదం మార్చాను. చాలా ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చి జ్వరం తెచ్చుకున్న కొడుకు, పెద్దదైపోయిన అమ్మ.

ఏండ్ల పిదప నింటి కేతెంచి పడియుండ
నుదుట నిలిచె నమ్మ యదురు చేయి

నిర్వాహకుడు:

ప్రాసయతి బాగా వాడారు, నుదుట, యదురు. సన్నివేశం కూడా కొత్తది. రెండు మాటల దగ్గర ఆగాను.

ఏతెంచడం రాజులూ ఋషులూ చేసే పని. కొడుకు ఇంటికి వస్తాడంతే. ఇది చిన్నది.

పెద్దది 'అదురు', సంధిలో 'యదురు' అయినది. తెలుగులో కన్ను అదురుతుంది, పెదవి అదురుతుంది, గుండె అదురుతుంది. చేయి వణుకుతుంది. నిఘంటువు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది, నాలుక మాత్రం ఒప్పుకోదు. ఏ మాట ఏ అవయవంతో కాపురం చేస్తుందో చిన్నప్పటి నుంచీ విని తెలుసుకున్నది కదా, దాన్ని కాదని గణం కోసం వేరే ఇంట్లో పెడితే నిలవదు.

కాకినాడ అక్కయ్య:

డాలస్ తమ్ముడూ, 'ముదిమి' పెట్టి చూడు. మాస్టారి ముదురుకీ దీనికీ ఒక్క పిసరు తేడా. దకారం అలాగే ఉంది, మూడు లఘువులూ ఉన్నాయి.

నుదుట నిలిచె నమ్మ ముదిమి చేయి

డాలస్ నుంచి:

అక్కా, నేను నిన్నంతా ఈ మాట కోసమే వెతికాను. ఫోన్‌లో అమ్మని వీడియోలో చూస్తున్నప్పుడు చేయి ముందు కనిపిస్తుంది, మొహం తర్వాత. ఫోన్ సరిగ్గా పట్టుకోవడం రాదు ఆవిడకి. ముదిమి చేయి. అంతే. నా పూరణ ఇదే అని రాసుకోండి, అక్క పేరుతోనైనా సరే.

చీరాల మిత్రులు:

మా ఇల్లు చేనేత ఇల్లు. మూడో పాదం ఇలా మార్చాను.

మగ్గ మాపి లేచి మాటాడకే వచ్చి
నుదుట నిలిచె నమ్మ నూలు చేయి

నిర్వాహకుడు:

'మాటాడకే వచ్చి' చాలా బాగుంది. మగ్గం చప్పుడు ఆగిందంటేనే పిల్లాడికి అమ్మ వస్తోందని తెలుస్తుంది, ఇంక మాటెందుకు? 'నూలు' దగ్గరే నాకు అనుమానం. నూలు చీర అంటే నూలుతో నేసిన చీర. నూలు చేయి అంటే నూలుతో చేసిన చేయి అనుకునే ప్రమాదం ఉంది, బొమ్మ చేయిలాగా. నూనె చేయికి ఈ చిక్కు రాదు, నూనెతో చేయి చేయరు కాబట్టి.

పోచంపల్లి తమ్ముడు:

అన్నా, మా ఇంట్ల మగ్గం నాయినది. అమ్మది ఆసు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్న. చీరకు చిటికి కట్టి, అంటే దారానికి అక్కడక్కడ కట్లు కట్టి, రంగులద్దే ముందు దారాన్ని ఆసు పోయాలి. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రం లెక్క వరుసగ మేకులు. దారం పట్టుకున్న చేయి అక్కడికి పోవాలి, ఇక్కడికి రావాలి, ఒక్క చీరకే వేలసార్లు. రాత్రికి భుజం పైకి లేవదు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి నొప్పి చూడలేకనే ఆసు యంత్రం చేసిండ్రు, దానికే 2017ల పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి నేను పెద్దగైపోయిన. జ్వరాల కాలమంతా చేతి ఆసే.

ఆసు పోసి పోసి యలసటతో వచ్చి
నుదుట నిలిచె నమ్మ నొప్పి చేయి

నిర్వాహకుడు:

తమ్ముడూ, చదివి కాసేపు ఏమీ రాయలేదు నేను.

ఇప్పుడు నా పని నేను చేయాలి కాబట్టి ఒక దోషం చెబుతాను. మూడో పాదంలో 'అలసట', నాలుగులో 'నొప్పి'. ఒకే మాటని రెండుసార్లు అన్నట్టయింది. 'పోసి పోసి' అన్నప్పుడే అలసట వచ్చేసింది. అలసట అన్న మాట తీసేస్తే నొప్పి మీదే బరువంతా పడుతుంది, పడాలి కూడా.

విజయవాడ మిత్రులు:

'నొప్పి' నామవాచకం కదా, విశేషణం ఎలా అవుతుంది?

పోచంపల్లి తమ్ముడు:

నొప్పి కాలుతోనే నడిచిండు అంటం కదన్నా. గట్లనే. మూడో పాదం మార్చిన, చూడుండ్రి.

ఆసు పోసి పోసి యాపి నా దరిఁ జేరి
నుదుట నిలిచె నమ్మ నొప్పి చేయి

గుంటూరు లెక్కల మాస్టారు:

ఆ, యా యతి సరే, 'యాపి'లో ఉన్నది 'ఆపి'యే కాబట్టి. గణాలు రెండుసార్లు లెక్కపెట్టాను, తప్పు దొరకలేదు. 'నిలిచె' ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది. పొద్దుటి నుంచీ అటూ ఇటూ పోతున్న చేయి మొదటిసారి ఒకచోట ఆగింది.

నిర్వాహకుడు:

ఆ 'నిలిచె' రాసింది నేనే. ఇంత ఉందని నాకు తెలియదు.

ఈ వారం పోచంపల్లి తమ్ముడి పూరణే. రెండోది నూనె చేయి. ముదిమి చేయిని డాలస్, కాకినాడ కలిసి పంచుకోవాలి. మాస్టారి కుదురు చేయి నా సొంత లిస్టులో ఉంటుంది. నెల్లూరు నుంచి బియ్యపుగింజ పద్యం ఇంకా రావాలి, మరిచిపోలేదు.

వచ్చే ఆదివారానికి:

తాతగారి యింటి ____ తలుపు

మళ్ళీ ఒక్క సూర్యగణమే, మిగతా మూడు పాదాలూ మీవి. 'టేకు' పంపకండి, యతి కలవదు. 'పాత' ప్రాసయతితో చక్కగా కూర్చుంటుందని నాకూ తెలుసు. అది తప్ప ఏదైనా.