మాజీ ప్రధాని సంస్థ మన ప్రభుత్వానికి సలహాలిస్తే తప్పా?

గంటస్తంభం (విజయనగరం):
బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్ 2016లో తన పేరు మీదే ఒక సంస్థ పెట్టారు. టోనీ బ్లెయిర్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ ఛేంజ్ అంటారు. 40కి పైగా దేశాల్లో ప్రభుత్వాలకు సలహాలిస్తోంది. రిపోర్టు రాసిచ్చి చేతులు దులుపుకునే రకం కాదు. చాలాచోట్ల వాళ్ళ మనుషులు అక్కడి సర్కారు ఆఫీసుల్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మన రాష్ట్రంతో కూడా విద్య, ఏఐ విషయాల్లో కలిసి పనిచేస్తామని ఒప్పందం చేసుకుంది. మొన్న కోట దగ్గర టీ తాగుతూ దీని మీద మా స్నేహితులిద్దరు కొట్టుకున్నంత పని చేశారు. టీ డబ్బులు నేనే ఇచ్చాను, అది వేరే సంగతి.
నాకైతే నచ్చలేదు. మనం ఓటేసినవాణ్ణి ఐదేళ్ళకోసారైనా నిలదీయొచ్చు. వాడికి సలహా చెప్పినవాణ్ణి ఎవరు నిలదీస్తారు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
పదేళ్ళు ఒక దేశాన్ని నడిపిన మనిషి (1997 నుంచి 2007 దాకా) నేర్చుకున్నది నలుగురికీ చెబితే తప్పేంటండీ? 2001లో ఆయన తన ఆఫీసులో ‘డెలివరీ యూనిట్’ అని పెట్టారు. ఆసుపత్రిలో రోగి ఎంతకాలం ఎదురుచూస్తున్నాడు, బడిలో పిల్లలకు చదవడం వస్తోందా, రైళ్ళు టైముకి నడుస్తున్నాయా, ఇలా కొన్నే లెక్కలు పట్టుకుని వాటి వెంటపడ్డారు. మన దగ్గర జీవోలకి కొదవా? జీవో వచ్చాక ఏమైందని అడిగేవాడే లేడు. ఆ అడగడం నేర్పిస్తానంటే నేనైతే రమ్మంటాను.

ఆమదాలవలస మాస్టారు:
బాబూ, ఈ సంబంధం మనకు కొత్త కాదు. 1999లో వచ్చిన విజన్ 2020 అనే రాష్ట్ర ప్రణాళిక వెనక మెకిన్సీ అనే విదేశీ కన్సల్టింగ్ కంపెనీ ఉంది. బ్లెయిర్ ప్రధానిగా ఉన్న రోజుల్లోనే బ్రిటన్ సహాయ శాఖ డీఎఫ్‌ఐడీ మన ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు సంస్కరణలకు డబ్బిచ్చింది. ప్రభుత్వ సంస్థల్ని అమ్మడమో మూయడమో చేసే కార్యక్రమానికీ ఇచ్చింది, దానికి కన్సల్టెంట్లను కూడా సమకూర్చింది.
మా ఊరి సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. దానికి వాళ్ళే కారణమని నేననను. నష్టాలు నిజమే, చెరకు తోలిన రైతుగా నాకు తెలుసు. కానీ ఒకటి చూడండి. ఏ పార్టీ నాయకుడైనా ఎన్నికలొస్తే మా వీధిలోకి వచ్చి ‘ఫ్యాక్టరీ తెరిపిస్తాం’ అనాల్సిందే, మాతో నాలుగు మాటలు పడాల్సిందే. ఆ రోజుల్లో సలహాలు చెప్పినవాళ్ళలో ఒక్కడైనా ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగాడా?

బొబ్బిలి వీణ:
మాజీ నాయకుల సంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1982లో కార్టర్ సెంటర్ పెట్టారు. ఆ సంస్థ వెంటపడిన జబ్బు ఒకటుంది, నారికురుపు అని విన్నారా? తాగే నీళ్ళతో ఒంట్లోకి వెళ్ళిన పురుగు ఏడాది తర్వాత కాలి చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగాలి. 1986లో ప్రపంచంలో ఏటా దాదాపు 35 లక్షల మందికి వచ్చేది. 2024లో ఇరవై మందికి కూడా రాలేదు. మందూ లేదు, టీకా లేదు. నీళ్ళు వడకట్టే గుడ్డ, ఊరూరా తిరిగి చెప్పే మనుషులు, అంతే. మన దేశం 2000కే దాన్నుంచి బయటపడింది. సలహా అంటే నాకు అదీ.

నాగావళి ఒడ్డు:
అమ్మా, అందరూ కార్టర్లు కాలేరు. దొరికినవాళ్ళతోనే పని చేయించుకోవాలి మరి.

గంటస్తంభం:
దొరికినవాళ్ళకి డబ్బెవరిస్తున్నారో కూడా చూడాలి కదా. బ్లెయిర్ సంస్థకు అందరికన్నా పెద్ద దాత ఒరాకిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన లారీ ఎలిసన్ ఫౌండేషన్. ఇచ్చినవీ ఇస్తామన్నవీ కలిపితే మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. 2025 ఫిబ్రవరిలో దుబాయ్ సదస్సులో బ్లెయిర్ ప్రశ్నలడుగుతుంటే ఎలిసన్ ఏం చెప్పారు? దేశాలు తమ డేటా మొత్తం ఒకచోటికి చేర్చి ఏఐకి అందించాలని. ఒరాకిల్ పుట్టిందే డేటాబేస్‌లు అమ్మి! దాతలు చెప్పినట్టు మేం ఆడం అని సంస్థ అంటోంది. కావచ్చు. కానీ పెళ్ళి సంబంధం చెప్పే మనిషి కళ్యాణమండపం ఓనరు దగ్గర జీతం తీసుకుంటున్నాడని తెలిస్తే, ఆ సంబంధం గురించి మీరు ఇంకోసారి వాకబు చేస్తారా, చెయ్యరా?

జీడిగింజ (పలాస):
మీరు లండన్, దుబాయ్ అంటున్నారు. మా ఉద్దానం రండి. ఇక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చడానికి ఎన్ని బృందాలొచ్చాయో మాకే లెక్క లేదు. నీళ్ళు పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లతో పైపులేసి నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబరులో ప్రారంభించారు. మంచి పనే, కాదనను.
ఇక నాగావళి అన్న చెప్పిన లెక్కల సంగతి. మా పిన్ని ఇంటి ముందు కుళాయికి పచ్చ రంగు వేశారు. అంటే నిజం కుళాయికి కాదు, ఆఫీసు కంప్యూటర్‌లో. నీళ్ళు వస్తున్నట్టు ఫోటో, లొకేషన్‌తో సహా. పిన్ని మాత్రం బిందె పట్టుకుని పక్క వీధికి పోతోంది. పిన్నాన్నకి డయాలసిస్. ఇంట్లో ఉన్న టెన్షన్‌కి ఇదొకటి తోడు. ఇంకా లెక్కలు నేర్పడానికి అంత దూరం నుంచి మనుషులెందుకు, ఏటి?

నాగావళి ఒడ్డు:
తమ్ముడూ, అది లెక్క తప్పు కాదు, లెక్క రాసినవాడి తప్పు.

పేరు చెప్పను (గ్రామ సచివాలయం ఉద్యోగి):
రాసేది మాలాంటివాళ్ళమే సార్. మీ ఊరు కాదు, కానీ జిల్లా ఇదే. నీళ్ళు పొద్దున్న ఆరింటికి ఇరవై నిమిషాలు వస్తాయి. ఆ ఇరవై నిమిషాల్లో నేను బండి మీద అరవై కుళాయిల ఫోటోలు తీయాలి. మధ్యాహ్నం వీడియో కాన్ఫరెన్స్‌లో ఎర్ర రంగు కనిపిస్తే ముందు నా పేరే చదువుతారు. వీధి చివరి ఇంటికి ధార సన్నబడుతుందని రాయడానికి ఆ యాప్‌లో గడి లేదు. ‘ఉంది’, ‘లేదు’ అంతే. గడి పెట్టమని రెండుసార్లు పైకి చెప్పాను. ఆ యాప్ ఎవరు తయారుచేశారో మా పైవాళ్ళకీ తెలియదు.

ఆమదాలవలస మాస్టారు:
నాయనా, ఈ మాట మాకు చెప్పినందుకు నీ ఉద్యోగానికేం ఇబ్బంది రాదు కదా?

పేరు చెప్పను:
అందుకే పేరు చెప్పలేదు మాస్టారూ. జీడిగింజ అన్నా, మీ పిన్నిగారి ఊరు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. అక్కడి లైన్‌మ్యాన్ నాకు తెలుసు, వాల్వ్ సంగతి అడుగుతాను.