రాస్ప్‌బెర్రీ పై 4 మీద మా బిల్డ్ టూల్ ఆర్కిటెక్చర్ తప్పు చెబుతోంది, ఎక్కడ సరిచేయాలి?

మధురవాడ_మేక్:
ఫిషింగ్ హార్బర్ పడవలకి బిగించే పెట్టెల సాఫ్ట్‌వేర్ కోసం పైథాన్‌లో రాసిన బిల్డ్ టూల్ ఇది. రుషికొండ ఆఫీసులో ఉబుంటు ల్యాప్‌టాప్‌లు, పడవలో రాస్ప్‌బెర్రీ పై 4 (32 బిట్ ఓఎస్), టెస్టులకి ఆల్పైన్ కంటైనర్. మూడు చోట్లా నడవాలి. ప్లాట్‌ఫాం తెలుసుకోడానికి పైథాన్ ప్లాట్‌ఫాం.మెషీన్ వాడాం. పై మీద అది ఏఆర్క్64 (64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్) అంటోంది, టూల్ వెళ్ళి 64 బిట్ లైబ్రరీల ఫోల్డర్ పట్టుకుంటోంది. లింకర్ (కంపైలైన ముక్కల్ని లైబ్రరీలతో కలిపేది) “స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్” అని, ఆ కిందే “కెనాట్ ఫైండ్ -ఎల్‌మస్కిటో” అని ఇస్తోంది. ఫైలు చూస్తే ఎదురుగానే ఉంది! ఇంకోటి, ఉబుంటులో కట్టిన బైనరీ ఆల్పైన్‌లో “నాట్ ఫౌండ్” అంటోంది. అదీ అక్కడే ఉంది. రెండూ ఒకే తప్పా?

గాజువాక_లింకర్:
వేరువేరండీ. ప్లాట్‌ఫాం.మెషీన్ చెప్పేది యూనేమ్ కమాండ్ మాట, అంటే కెర్నల్ సంగతి. 2023 నుంచి పై 4 మీద 32 బిట్ ఓఎస్ వేసినా 64 బిట్ కెర్నలే లేస్తోంది. కంపైలరూ లైబ్రరీలూ మాత్రం 32 బిట్‌వే. కాబట్టి కెర్నల్‌ని వదిలేసి కంపైలర్‌ని అడగండి: జీసీసీ -డంప్‌మెషీన్. మీకు ఆర్మ్-లైనక్స్-గ్నూఈఏబీఐహెచ్ఎఫ్ అని వస్తుంది. మొదటి ముక్క ప్రాసెసర్, చివరిది ఏబీఐ (బైనరీలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి). ఆ చివరి హెచ్ఎఫ్‌ని కోసెయ్యకండి, అది హార్డ్ ఫ్లోట్ (దశాంశ సంఖ్యల్ని ప్రాసెసర్ ఫ్లోట్ రిజిస్టర్లలో పంపడం) గుర్తు. వట్టి “ఆర్మ్” అని దాచుకుంటే ఏదో రోజు సాఫ్ట్ ఫ్లోట్ లైబ్రరీ కలిసి “యూజెస్ వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్” అని లింకర్ తగువు పెట్టుకుంటుంది.

పేర్లు కూడా ఒక దారికి తెచ్చుకోవాలి. ఒకే ప్రాసెసర్‌ని లైనక్స్ ఏఆర్క్64 అంటే మ్యాక్ ఆర్మ్64 అంటుంది. విండోస్‌లో ఏఎండీ64 అన్నది లైనక్స్‌లో ఎక్స్86_64.

ఆల్పైన్ గొడవకి రీడ్‌ఎల్ఫ్ -ఎల్ కొట్టి చూడండి. బైనరీలో లోడర్ (దాన్ని మెమరీలోకి ఎక్కించేది) దారి రాసి ఉంటుంది: /లిబ్64/ఎల్‌డీ-లైనక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2. అది జీలిబ్‌సీ (ఉబుంటు వాడే సీ లైబ్రరీ) లోడర్. ఆల్పైన్‌లో ఉండే సీ లైబ్రరీ మజిల్, దాని లోడర్ వేరు. షెల్ దొరకలేదంటున్నది మీ బైనరీ కాదు, ఆ లోడర్. అందుకని ప్లాట్‌ఫాం పేరులో సీ లైబ్రరీ పేరు కూడా చేర్చండి.

సీతమ్మధార_32:
పైదానికి ఒక సవరణ. 32 బిట్ కోడ్ కోసం -ఎం32 ఇచ్చినా జీసీసీ -డంప్‌మెషీన్ ఎక్స్86_64 అనే చెబుతుంది, ఆ ఫ్లాగుని లెక్కచెయ్యదు. మీ ఫ్లాగులన్నీ కలిపి ఖాళీ ఇన్‌పుట్ మీద -డీఎం -ఈ నడిపి కంపైలర్ తనంతట పెట్టే మాక్రోలు చూడటమే నమ్మకం. __ఐ386__ ఉందా, __ఆర్మ్__ ఉందా అన్నది అక్కడ తేలిపోతుంది. సీ లైబ్రరీకైతే ఫీచర్స్.హెచ్ ఇంక్లూడ్ చేసి __జీలిబ్‌సీ__ కోసం వెతకండి. మజిల్ తనకంటూ ఏ మాక్రో పెట్టుకోలేదు, కావాలనే. అయితే యూసీలిబ్‌సీ (ఇంకో చిన్న సీ లైబ్రరీ) కూడా __జీలిబ్‌సీ__ అని చెప్పుకుంటుంది కనక, ముందు __యూసీలిబ్‌సీ__ ఉందేమో చూసుకోవాలి.

మధురవాడ_మేక్:
కంపైలర్‌ని అడిగేలా మార్చాక పై మీద లింక్ అయింది, థాంక్సండీ. ఇప్పుడు ల్యాప్‌టాప్ మీదే పై కోసం క్రాస్ కంపైల్ చేద్దామంటే పీకేజీ-కాన్ఫిగ్ (లైబ్రరీల దారులూ ఫ్లాగులూ చెప్పే టూల్) ల్యాప్‌టాప్ లైబ్రరీలే చూపిస్తోంది. పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అయితే పెట్టాం.

గాజువాక_లింకర్:
పాత్ అన్నది మీ దారిని ముందు చేరుస్తుందంతే. అందులో దొరక్కపోతే మళ్ళీ ల్యాప్‌టాప్ ఫోల్డర్లకే పోతుంది. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ పెట్టండి, అది డిఫాల్ట్ దారిని పూర్తిగా మార్చేస్తుంది. తోడుగా పీకేజీ_కాన్ఫిగ్_సిస్‌రూట్_డిర్ కూడా. ఇది మర్చిపోతే హెడర్ల దారులు సిస్‌రూట్ (పై తాలూకు ఫైళ్ళు దాచిన ఫోల్డర్) లోపలికి కాకుండా ల్యాప్‌టాప్ మీదకి పోతాయి.

లైబ్రరీ ఉందా లేదా అన్నది ఫైలు చూసి తేల్చకండి. చిన్న ప్రోగ్రాం లింక్ చేసి చూడండి, రన్ చెయ్యొద్దు (క్రాస్‌లో అది ఎలాగూ నడవదు). -ఎల్ ఫ్లాగులు ఆబ్జెక్ట్ ఫైలు తర్వాతే రావాలి. ఉబుంటు లింకర్‌కి --యాజ్-నీడెడ్ (అవసరమైన లైబ్రరీలే ఉంచుకునే ఫ్లాగు) ముందే ఆన్‌లో ఉంటుంది, లైబ్రరీ ముందు రాస్తే వదిలేస్తుంది.

సీతమ్మధార_32:
ఆ చెక్కు నడిపేటప్పుడు ప్రాజెక్టు ఫ్లాగుల్లోంచి -డబ్ల్యుఎర్రర్ (వార్నింగుల్ని ఎర్రర్లుగా మార్చేది) తీసెయ్యండి. లేకపోతే ఎక్కడో వాడని వేరియబుల్‌కి వచ్చిన వార్నింగ్ వల్ల ఉన్న లైబ్రరీ “లేదు” అయిపోతుంది, లాగ్ తెరిస్తే గానీ అసలు సంగతి తెలీదు. ఫలితాలు క్యాష్ చేస్తే కంపైలర్ దారి, వెర్షన్, ఫ్లాగులు, పైన చెప్పిన పీకేజీ వేరియబుల్స్ అన్నీ కీలో ఉండాలి. కంపైలర్ దారి ఒక్కటే పెడితే, ఆప్ట్ అప్‌గ్రేడ్ అయిన మర్నాడు కూడా పాత జవాబే ఇస్తుంది.