చలికి సెమీ ఆటో షాట్‌గన్ బోల్ట్ మూసుకోవడం లేదు

ప్రశ్న: అమెరికాలోని మిన్నెసోటాలో బాతుల వేట. పేలిన తూటా గ్యాస్‌తో తనంతట తానే మళ్లీ లోడయ్యే 12 గేజ్ షాట్‌గన్. 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగితే బోల్ట్ (తూటా వెనక మూసుకునే కదిలే భాగం) సగంలో ఆగుతోంది. నూనె ఇంకాస్త వేయాలా?

జవాబు: వద్దండీ, తగ్గించాలి. చలికి నూనె చిక్కబడి బోల్ట్‌ని పట్టేస్తుంది. తూటాలన్నీ తీసేశాక విప్పి, బోల్ట్‌ని, గ్యాస్ తోసే పిస్టన్‌ని సాల్వెంట్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. రాపిడి పడేచోట మాత్రమే చలికి తట్టుకునే సింథటిక్ నూనె ఒక్క చుక్క రాసి తుడిచేయండి. బోల్ట్‌ని తిరిగి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ బట్‌లో (భుజానికి ఆనించే భాగంలో) ఉండే మోడల్ అయితే ఆ గొట్టమూ శుభ్రం చేయాలి. చాలామంది వదిలేసేది అదే!

జవాబు: ఇంటికి తెచ్చాక తుపాకీని దాని సంచిలో ఉంచకండి. వెచ్చటి గాలి తగిలి లోపలా బయటా చెమ్మ పడుతుంది, మర్నాడు అదే గడ్డకట్టి బోల్ట్‌ని బిగిస్తుంది. బయటికి తీసి, విప్పి తుడవండి.

జవాబు: బారెల్ మూతిలో మంచో బురదో దూరిందనిపిస్తే అస్సలు పేల్చకండి, బారెల్ చీలిపోతుంది. తూటాలు తీసేసి, బారెల్ విప్పి దాని వెనకనుంచి చూడండి.